సగం మందికే మందు

సింక్లెయిర్ లూయిస్ 1925లో రాసిన ‘ఏరోస్మిత్’ నవలలో ఒక ద్వీపంలో ప్లేగు చెలరేగుతుంది. మార్టిన్ ఏరోస్మిత్ అనే యువశాస్త్రవేత్త దగ్గర ప్లేగు క్రిముల్ని చంపే ‘ఫేజ్’ ఉంది. సగం మందికే ఇస్తాననీ, మిగతా సగాన్ని అలాగే వదిలేసి రెండువైపులా ఎంతమంది బతికారో లెక్కేస్తాననీ గురువు గాట్లీబ్‌కి మాటిచ్చి వచ్చాడు. తోడు వచ్చిన సోండేలియస్‌కి ఇది నచ్చదు. అందరికీ ఇచ్చేదాకా తనకీ వద్దంటాడు, ప్లేగుతోనే పోతాడు. భార్య లియోరా కూడా పోయాక మార్టిన్ మాట తప్పి అందరికీ ఇచ్చేస్తాడు.

చదువుతున్నంతసేపూ మన మనసు సోండేలియస్ వైపే ఉంటుంది. ఎందుకంటే ఆ మందు పనిచేస్తుందని రచయిత మనకి ముందే నమ్మకం కలిగించాడు. అది తెలిశాక సగం మందికి ఇవ్వకపోవడం క్రూరత్వమే. కానీ ఆసుపత్రి వార్డులో అలా ముందే చెప్పే రచయిత ఉండడు కదా. నైతికప్రశ్న నిజానికి అక్కడ మొదలవుతుంది.

ఫేజ్ కల్పన కాదు. బాక్టీరియాకి పట్టే వైరస్ అది. దానికి ‘బాక్టీరియోఫేజ్’ అని 1917లో పేరు పెట్టిన ఫెలిక్స్ డెరెల్, ఈ నవల వచ్చిన ఏడాదే ఈజిప్టులో నలుగురు ప్లేగు రోగులకి గడ్డల్లోకి ఫేజ్ ఎక్కించాడు. నలుగురూ బతికారు. ఎక్కించకపోతే వాళ్ళలో ఎంతమంది బతికేవాళ్ళు? ఆ నలుగుర్ని చూసి చెప్పలేం. ఆ తర్వాత ఫేజ్ మందులు అంగట్లో అమ్మకానికొచ్చాయి. 1934లో అమెరికా వైద్యసంఘం వేయించిన సమీక్ష వాటి ప్రయోజనం సందేహాస్పదమని తేల్చింది. ఈలోగా యాంటీబయాటిక్స్ వచ్చాయి, పాశ్చాత్యదేశాలు ఫేజ్‌ని పక్కన పెట్టేశాయి.

ఇప్పుడు ఆ యాంటీబయాటిక్స్‌కే బాక్టీరియా లొంగడం లేదు. 2019లో ఈ కారణంగానే సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందుకే చూపు మళ్ళీ ఫేజ్ మీద పడింది, ఈసారి మొత్తం వైరస్ మీద కాదు, దాని కత్తెర మీద. ఫేజ్ బాక్టీరియాలో దూరి, తన సంతానాన్ని పెంచుకుని, బయటపడే ముందు గోడని కోసే ఒక ఎంజైమ్‌ని తయారుచేస్తుంది. దాన్ని ఎండోలైసిన్ అంటారు. గోడ తెగితే లోపలి ఒత్తిడికి బాక్టీరియా పగిలిపోతుంది. ఈ ఎంజైమ్‌ని విడిగా తీసి బయటినుంచి వేస్తే? 2001లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో విన్సెంట్ ఫిషెట్టి బృందం ఎలుకల గొంతులోని స్ట్రెప్టోకాకస్ మీద వేసి చూసింది. పనిచేసింది. (లూయిస్‌కి నవలలోని సైన్సంతా అందించిన పాల్ డి క్రైఫ్ కూడా ఒకప్పుడు ఈ సంస్థలోనే పనిచేశాడు.)

అదే దారిలో వచ్చిన మందు ఎక్సెబకేస్. పందులకి జబ్బు చేసే ఒక స్ట్రెప్టోకాకస్‌లోని ఫేజ్‌నుంచి తీశారు. రక్తంలో స్టెఫైలోకాకస్ ఆరియస్ చేరిన రోగుల మీద పరీక్షించారు. రెండోదశలో 71 మందికి మందు, 45 మందికి ప్లాసిబో. మామూలు యాంటీబయాటిక్స్ మాత్రం అందరికీ ఇచ్చారు. అంటే ద్వీపంలోలా ఎవర్నీ గాలికి వదిలేయలేదు. కోలుకున్నవాళ్ళు మందువైపు 70 శాతం, ప్లాసిబోవైపు 60. కానీ మెథిసిలిన్‌కి లొంగని మొండిరకం సోకినవాళ్ళని మాత్రమే చూస్తే 27 మందిలో 20, అటువైపు 16 మందిలో 5. శాతాల్లో 74, 31!

ఈ రెండంకెలు చూశాక, మా అమ్మ ఆ మంచం మీద ఉంటే? మన దగ్గర సంతకం పెట్టేది కొడుకో అల్లుడో కదా. నేనైతే చీటీల్లో మా అమ్మ పేరు వేయను. డాక్టర్ కాళ్ళు పట్టుకుని మందే ఇమ్మంటాను. సోండేలియస్ నాలోనూ ఉన్నాడు.

కానీ రోజూ డాష్‌బోర్డులు చూసే ఉద్యోగం కాబట్టి ఇంకో తీసివేత కూడా చేస్తాను. ఆ మొండిరకం వాళ్ళని పక్కన పెడితే మందువైపు 44 మందిలో 30, ప్లాసిబోవైపు 29 మందిలో 22. ఇక్కడ మందు అందనివాళ్ళే కాస్త ముందున్నారు! మొండిరకాన్ని విడిగా చూస్తామని వాళ్ళు ముందే ప్రకటించారు, అందులో మోసం లేదు. అయినా 43 మంది మీద ఎంత నమ్మకం పెట్టుకోగలం? అందుకే మూడోదశ మొదలెట్టారు. 2022 జూలైలో, మధ్యలో లెక్కలు చూసిన స్వతంత్రకమిటీ, కొనసాగించినా ఫలితం తేలే అవకాశం లేదని ఆపేయమంది. కంపెనీ, కాంట్రాఫెక్ట్, 2023 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది.

చీటీలో ప్లాసిబో వచ్చినవాళ్ళు బలి అయ్యారని నేననుకోను. వాళ్ళ వంతు మందు ఎవరూ లాక్కోలేదు, అది మందో కాదో వాళ్ళవల్లే తెలుస్తోంది. ఇలా అన్నంత మాత్రాన, కాళ్ళు పట్టుకునే కొడుకుది తప్పని ఒప్పుకోలేను. అతను అడగాలి, డాక్టరు కుదరదనాలి. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే సంగతి: ఒప్పుకోలు. ద్వీపంలో జనాన్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు, నిజమే. కానీ రక్తంలో క్రిములతో, జ్వరంతో మూలుగుతున్న మనిషి పేజీలకొద్దీ కాగితాల్లో ఏం చదువుతాడు?

నవలలో మార్టిన్ న్యూయార్క్ తిరిగొస్తే అందరూ చప్పట్లు కొడతారు. లెక్కలు చెడగొట్టానని అతనికొక్కడికే తెలుసు. గురువుకి చెప్పుకుందామని వెళ్తాడు. అప్పటికే మతి తప్పిన గాట్లీబ్ అతన్ని గుర్తుపట్టడు.