నొప్పి లేని జబ్బు, విధి అనే జవాబు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, ముందునుంచీ బీపీ ఉన్నవాళ్లూ కాదు. ఎండలో చాకిరీ, భూగర్భజలం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇలా అన్నిటి మీదా అనుమానాలున్నా అసలు కారణం ఇదీ అని పరిశోధకులు తేల్చలేదు. కారణం దొరకని చోట మనిషికి విధి గుర్తొస్తుంది. ఏ జన్మలో ఏ పాపం చేశామో అనుకుంటాడు.

డయాలసిస్ మంచం మీద ఉన్నవాడికి ఆ మాట ఓదార్పు, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. ఇంకా పరీక్షే చేయించుకోనివాడు అదే మాట అంటే మాత్రం ఒప్పుకోకూడదు. శాస్త్రం కూడా ఒప్పుకోదు.

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, కాంపిల్య నగరం దగ్గర గంగ ఒడ్డున, అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ని ఒక సందేహం అడుగుతాడు. ఒంటితత్వం, తిండి, వయసు వేరువేరైన జనం ఒక్కసారిగా ఒకే జబ్బున ఎలా పడతారు? గాలి, నీరు, నేల, కాలం చెడితే పడతారంటాడు ఆత్రేయుడు. అవి చెడటానికి మూలమైన అధర్మంలో పాలకులనూ కలుపుతాడు. అంటే రోగి ఒక్కడి నెత్తినే నేరం మోపలేదు. ఆయుర్దాయమంతా ముందే ఖాయమైతే మందులెందుకని కూడా ఆ అధ్యాయం వాదిస్తుంది: దైవం, అంటే విధి, బలహీనమైతే పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, దాన్ని గెలుస్తుంది, బలమైనదైతే పురుషకారమే ఓడుతుంది. మరి తన దైవం ఏపాటిదో ప్రయత్నించకుండా ఎవరికి తెలుస్తుంది?

నేల సారం చెడకముందే మూలికలు సేకరించుకోమనీ ఆత్రేయుడు చెప్పాడు. కిడ్నీల విషయంలో ఆ ‘ముందే’ చాలా కష్టం, ఎందుకంటే అవి నొప్పి పెట్టవు. దాదాపు సగం పనితనం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ కూడా మామూలుగానే కనిపించవచ్చు. రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, పొద్దున కళ్ల చుట్టూ ఉబ్బు, చీలమండల వాపు, మూత్రంలో తగ్గని నురగ, అన్నం సయించకపోవడం, ఊరికే నీరసం: ఇవి కనిపిస్తే వయసనో, పని ఒత్తిడనో సరిపెట్టుకోకూడదు. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ తక్కువగానే పోతుంది. కాబట్టి నురగ లేదని నిశ్చింతగా ఉండలేరు, రక్తపరీక్ష కావాలి. అందులో తేలే కిడ్నీల వడపోత కొలత ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా 3 నెలలు నిలిస్తే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకమూ మొదలైంది. ఇదీ పురుషకారమే, పాలకులు చేయవలసినది. ఇంట్లో తండ్రికో అన్నకో జబ్బున్నవాడు, ఏ లక్షణమూ లేకపోయినా, ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవడం మాత్రం అతని వంతు.