పొలం తడిసిందని

పోయిన జ్యేష్ఠంలో ఒక పొద్దున, ఏడు కూడా కాకముందే, చిలకలగూడలో మా ఇంటికి రక్తం తీసుకునే అబ్బాయి వచ్చాడు. చేతికి రబ్బరు పట్టీ కట్టి, "పిడికిలి బిగించండి మేడమ్" అని సూది గుచ్చాడు. పరీక్ష పేరు ఎస్ట్రడయాల్. ఆడవాళ్ళ ఒంట్లో ముఖ్యమైన ఈస్ట్రోజెన్ అదే. సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు వచ్చింది: మిల్లీలీటరుకు 18 పికోగ్రాములు. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లో వంతు.

నాకు 49 ఏళ్ళు. అప్పటికి నాలుగు నెలలుగా ముట్టు రాలేదు. ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి బోనం ఎత్తుతానని మొక్కుకున్నాను. బోనాల ఆదివారం నాటికి 'దూరం' ఉండాల్సి వస్తుందేమోనన్న భయంతోనే పరీక్ష చేయించుకున్నాను. 18 అన్న అంకె వినగానే అత్తమ్మ, "ఇగ నీకు అడ్డం లేదు బిడ్డా" అన్నది. నేనూ నమ్మాను.

శనివారం రాత్రి ముట్టు వచ్చింది. కొత్త కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది నేనే. తెల్లారి అది తోటికోడలి నెత్తి మీద వెళ్ళింది. నేను వెనక గదిలో కూర్చుని డప్పుల చప్పుడు విన్నాను.

ఆ తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ వయసులో ఈస్ట్రోజెన్ ఒక వారం ఉన్నట్టు మరో వారం ఉండదట. పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. నలభై అయిదు దాటినవాళ్ళకు మామూలుగా ఈ పరీక్ష అవసరమే లేదట. ల్యాబు అంకెలో తప్పేమీ లేదు. అమ్మ ముందు నిలబడడానికి నేను పనికొస్తానా అని అడిగాను దాన్ని. ఆ ప్రశ్నకు జవాబు రక్తంలో ఎక్కడుంటుంది?

గీత పదమూడో అధ్యాయం దేహాన్ని క్షేత్రం, అంటే పొలం, అంటుంది. పొలం తడిసిందని రైతును గుడి బయట నిలబెడతామా? అంతకంటే నన్ను కలచివేసింది ఇంకొకటి. బిడ్డల్ని కనే శక్తి ఉన్నన్నాళ్ళూ నెలకు కొన్నాళ్ళు మైల, ఆ శక్తి ఉడిగిపోతే శుద్ధి! మరి అమ్మవారిని మనం పిలిచేది 'అమ్మా' అనే కదా. అస్సాంలో కామాఖ్య అమ్మవారికి ఏటా అంబుబాచి రోజుల్లో ముట్టు వస్తుందని నమ్ముతారు. మూడు రోజులు గుడి తలుపులు మూసి, తెరిచాక ఎర్రబట్ట ప్రసాదంగా ఇస్తారు. దేవిది ప్రసాదమైతే నాది మైల ఎట్లా అయింది?

మన మహంకాళి అమ్మవారు సికింద్రాబాద్‌కు ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోండి. 1813లో ఇక్కడ కలరా. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండి, నా ఊరు బతికితే నిన్ను అక్కడ నిలుపుతానని మొక్కుకున్నాడు. 1815లో నిలిపాడు. వాంతుల్లో, విరేచనాల్లో పడి ఉన్న మనుషుల కోసం వచ్చిన తల్లి ఆమె. వాళ్ళను ముందు స్నానం చేసి రమ్మనలేదు.

ఈసారి పరీక్ష చేయించుకోలేదు. బోనాల నాడు నా ఒళ్ళు ఎట్లా ఉన్నా సరే, బోనం నేనే ఎత్తుతానని అత్తమ్మకు చెప్పాను. ఒప్పుకోలేదు. కుండ మాత్రం కొనుక్కొచ్చాను.