పోయిందా, పోగొట్టామా?

‘పోయింది’ వేరు, ‘పోగొట్టాం’ వేరు. మా ఇంజనీర్లు రిపోర్టుల్లో రాసే ‘ఫిక్స్‌డ్’ అనే ఒక్క మాటలో ఆ తేడా మాయమైపోతుంది. ఆ మాట రాసే హక్కు ఎప్పుడొస్తుంది?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక గోడౌన్‌లో మోకాలెత్తు రోబో అట్టపెట్టెలు మోస్తుంది. ఎదురుగా ఏముందో చూడ్డానికి దానికో దూరం కొలిచే సెన్సర్ ఉంది. సుమారు 200 సార్లు ఆన్ చేస్తే ఒకసారి ఆ సెన్సర్ లేవదు. లేవకపోతే ఊరుకోవచ్చు, కానీ 65,535 అని చదువు వస్తుంది. తీగని ఎవరూ కిందికి లాగకపోతే అది పైనే ఉంటుంది, చిప్‌కి అన్నీ ఒకట్లే కనిపిస్తాయి. జవాబు రాలేదన్న సంకేతాన్ని కోడ్ పట్టించుకోకపోతే, రెండు బైట్ల నిండా ఒకట్లంటే ఆ అంకే. మిల్లీమీటర్లలో అది అరవై అయిదు మీటర్ల ఖాళీ దారి! మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇక్కడ పూర్తి అంగీకారమే. బంపర్ స్విచ్ ఉంది గనక ఎవరి కాలూ విరగలేదు.

లాగ్స్ చూస్తే దాదాపు అన్నీ నైట్ షిఫ్ట్‌లోనే, ఒకే మనిషి చేతిలో. ‘ఆపరేటర్ పొరపాటు’ అని రిపోర్టులో అప్పటికే ఎక్కేసింది. “నేను చేసేది బ్యాటరీ మార్చడమే కద్సార్” అన్నాడతను. నిజమే. కాకపోతే మిగతావాళ్ళు పావు నిమిషం తీసుకునే పని అతను రెండు సెకన్లలో చేస్తాడు. అంతలో బోర్డు మీది కెపాసిటర్లు పూర్తిగా ఖాళీ కావు. సెన్సర్ పూర్తిగా ఆరదు, సరిగ్గా మొదలవదు. చెయ్యి ఎంత చురుకైతే నింద అంత ఎక్కువ.

మన నైయాయికులు దీన్ని ఉపాధి అన్నారు. నిప్పుంటే పొగ ఉండాలని లేదు, కట్టె తడిగా ఉండాలి. ఆ తడి కనపడనంతసేపూ నిప్పునే తిడతాం. చార్వాకుడి పేచీ ఇంకా మొండిది: ఇంకో ఉపాధి దాక్కుని లేదని ఎలా తెలుసు?

కెపాసిటర్లు త్వరగా ఖాళీ అయ్యేలా ఒక రెసిస్టర్ వేశాం. 65,535 వస్తే కదలొద్దని కోడ్‌లో రాశాం. పాత బోర్డు మీద అతని చేత్తోనే తప్పుని రప్పించి చూశాం, కొత్తదాని మీద రాలేదు. “ఇంక క్లోజ్ చేసేద్దామా?” అన్నారు పైవాళ్ళు.

క్లిఫర్డ్ 1877లో ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’లో ఒక ఓడ యజమాని కథ చెప్తాడు. పాత ఓడ గట్టిదేనని తనకు తానే నచ్చజెప్పుకుని పంపిస్తాడు. ఓడ క్షేమంగా చేరినా సరే, అతను దోషే అంటాడు క్లిఫర్డ్. నాకిది కాలేజీలో అతిగా అనిపించేది, గోడౌన్‌లో అనిపించదు. ఇక్కడ దిగే విమానాల్లో బోయింగ్ 787లూ ఉంటాయి. 248 రోజులు ఆపకుండా నడిస్తే వాటి జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఒక్కసారే ఆగిపోవచ్చని, ఈలోపే కరెంటు తీసి పెట్టమని 2015లో అమెరికా ఎఫ్‌ఏఏ ఆదేశించింది. పోలేదని ఒప్పుకుంటూ చెప్పిన రీస్టార్ట్ అది. అలాంటి రీస్టార్ట్‌తో నాకు పేచీ లేదు.

తప్పు ఇంకా ఉండి కూడా వరసగా 600 సార్లు దాక్కునే అవకాశం అయిదు శాతమే. అందుకే ఆ లెక్క పెట్టుకున్నాం. ‘ఆపరేటర్ పొరపాటు’ని కొట్టేయించడానికి నాలుగు మెయిళ్ళు పట్టింది. ‘ఫిక్స్‌డ్’ గడి ఖాళీగానే ఉంది. ఇంకా 212 సార్లు ఆన్ చెయ్యాలి.