ఛాతీ ఇరుకైనప్పుడు

"ఖుర్ఆన్ ముందు కూర్చుంటే గుండె బిగుసుకుపోతోంది మౌలానా. అన్ఆమ్ సూరాలో చెప్పిన దారితప్పినవాణ్ణి నేనేనా?" అని భయపడుతూ అడిగే యువకులు మాకు అప్పుడప్పుడూ తారసపడుతుంటారు. అల్లాహ్ సన్మార్గం చూపదలచినవాడి హృదయాన్ని ఇస్లాం కొరకు విశాలం చేస్తాడని, దారితప్పనివ్వదలచినవాడి హృదయాన్ని ఆకాశంలోకి ఎక్కేవాడికి మల్లే ఇరుకు చేస్తాడని ఆ సూరా 125వ ఆయతు భావం. ఈ ఆయతు ప్రస్తావన రాగానే మన వక్తలు కొందరు వాయుపీడనంపై ప్రసంగం అందుకుంటారు. అడిగినవాడి భయం మాత్రం అలాగే ఉండిపోతుంది.

తబరీ వంటి పూర్వ వ్యాఖ్యాతలు పాదరసపు గొట్టాన్ని చూసినవారు కారు. ఆకాశంలోకి ఎక్కడం మనిషికి ఎంత అసాధ్యమో, ఆ హృదయంలోకి విశ్వాసం ప్రవేశించడం అంత అసాధ్యమని వారు ఆయతును చక్కగానే గ్రహించారు. అయినా అల్లాహ్ సృష్టిని పరిశీలించడంలో తప్పేముంది?

గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర అది ప్రతి చదరపు సెంటీమీటరును దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. పెద్దమనిషి శరీరమంతటికీ లెక్కిస్తే 15 టన్నులు దాటుతుంది. మనం నలిగిపోవడం లేదంటే, శరీరంలోని ద్రవాలూ గాలీ లోపలి నుంచి అంతే బలంతో ఎదురు నిలవడమే కారణం. సుబ్‌హానల్లాహ్! హజ్ విమానం పైకి లేస్తున్నప్పుడు చెవులు దిబ్బడ వేసేది ఈ సమతూకం కాసేపు తప్పడం వల్లనే. గుటక వేస్తే సాధారణంగా సర్దుకుంటుంది. 1648లో ఫ్రాన్స్‌లో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే ప్యూయి ద దోమ్ కొండ ఎక్కి చూస్తే, కింద ఉన్నదానికన్నా శిఖరం మీద పాదరసం మట్టం తగ్గింది. ఎంత ఎత్తుకు ఎక్కినా గాలిలో ఆక్సిజన్ వంతు మారదు, సుమారు ఐదో వంతే. తగ్గేది పీడనం. దాంతో ఒక్కో శ్వాసలో రక్తానికి అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది.

1875 ఏప్రిల్ 15న ముగ్గురు ఫ్రెంచివారు 'జెనిత్' అనే బెలూన్‌లో 8,000 మీటర్లు దాటి పైకి వెళ్ళారు. టిస్సాండియే, క్రోసే-స్పినెల్లి, సివెల్ వారి పేర్లు. ఆక్సిజన్ సంచులు వారి దగ్గరే ఉన్నాయి. బతికి బయటపడిన టిస్సాండియే తర్వాత రాసిన సంగతి మమ్మల్ని చాలాసార్లు ఆలోచింపజేసింది. ఆ ఎత్తున ఆయనకు బాధ తెలియలేదట. పైగా లోలోపల ఒక సంతోషం! ఆక్సిజన్ గొట్టం అందుకోవాలనుకునేసరికి చేయి కదలలేదు. ఆయన స్పృహలోకి వచ్చి చూసేసరికి మిగతా ఇద్దరూ ప్రాణాలతో లేరు.

మనకు ఊపిరాడని బాధను ప్రధానంగా కలిగించేది రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. ఎత్తులో వేగంగా శ్వాసిస్తూ దాన్ని బయటికి పంపేస్తుంటాం. అందుకే ఆక్సిజన్ కొరత నొప్పి లేకుండా వచ్చి, ముందుగా వివేకాన్నే తీసుకుపోతుంది.

ఇప్పుడు ఆ యువకుడి మాట. ఆయతు భావం ఇదేనని మేము అనడం లేదు, అది మా యోచన మాత్రమే. ఇరుకుదనం తెలిసి అడగడానికి వచ్చినవాడి చేయి ఇంకా కదులుతోంది. మాకు భయం కలిగించేది నమాజు వదిలి ఏళ్ళు గడిచినా మనసు హాయిగానే ఉందని చెప్పేవాడు. అతను మా దగ్గరికి రాడు, పెళ్ళి విందుల్లో కలుస్తాడు.

సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌కు విమానంలో దిగినవారిని మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోమంటారు. ఆ ఎత్తుకు శరీరం మెల్లగా అలవాటుపడుతుంది. రక్తంలో ఎర్రకణాలు పెరగడానికైతే వారాలు పడుతుంది. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించారు కదా. అందుకే ఒక్కరోజులో పారా ముగించాలని పట్టుబట్టే ఆ అబ్బాయికి మేము ఫజ్ర్ తర్వాత ఒక్క రుకూ, అర్థంతో సహా చదవమని చెబుతుంటాం. మరుసటి జుమాకు వచ్చి ఎలా ఉందో చెప్పమంటాం.