రిపోర్టు రాకముందు

మన సంఘపు అక్క ఒకరికి గొంతు క్యాన్సరుకు 35 మారులు కరెంటు పెట్టుట ముగిసినది. అయినను మింగునప్పుడు నొప్పి పోలేదు. వెంటనే పెట్ స్కాను తీసినయెడల కరెంటువలన కలిగిన వాపు కూడ వ్యాధివలె కనబడవచ్చునని, 12 వారములు ఆగుమని డాక్టరుగారు చెప్పిరి. మనమో, ఆదివారమే స్వస్థత సాక్ష్యమిమ్మని తొందరపెట్టితిమి. “ఇంకా తెలియదు అయ్యగారూ” అనిన ఆమెను అల్పవిశ్వాసి అంటిమి.

13వ కీర్తనలో దావీదు ఇంకెన్నాళ్లని నాలుగు మారులు దేవునినే అడిగెను. ఆయనను అల్పవిశ్వాసి అందుమా? ఆమె నిజము చెప్పెను, మనకే ఓపిక లేకపోయెను. (స్త్రీల సమాజమువారు మాత్రము మాటలాడక రోజూ జావ కాచి పంపుచున్నారు.)

స్కాను వచ్చే గురువారము. తెల్లవారుజామున బెంగుళూరు రైలులో ఆమెతో పోయి, ఆసుపత్రి వరండాలో కూర్చుండుటకు ఇద్దరు కావలెను. ప్రార్థన మనస్సులో చేసికొనవచ్చును.