మచ్చు సరుకు, మూట సరుకు

యుద్ధకాలమున శత్రువు విమానము మన విమానముకన్న వేగముగా పోవుచున్నదని తెలిసినపుడు, మరింత బలమైన ఇంజనును త్వరగా అమర్చుట రాజ్యమునకు విధియే. కాని ఆ క్రొత్త ఇంజను పరీక్షకు పూర్తిగా నిలువకముందే దానిని నమ్మి ఆకాశమునకు ఎగురవలసినవాడు వేరొకడు. తొందర ఒకరిది, ప్రాణము మరియొకరిది. ఇది ఎంతవరకు న్యాయము? రెండవ ప్రపంచ యుద్ధమున ఇంగ్లండులో జరిగిన సంగతులను తీసికొని ఈ ప్రశ్నను ఆలోచింతము.

1941 శరదృతువున జర్మనుల ఫోక్‌వుల్ఫ్ 190 విమానము ఫ్రాన్సు తీరముపై కనుపించినది. అప్పటి స్పిట్‌ఫైరు ఐదవ రకము దానికి చాలకపోయెను. రోల్స్‌రాయిస్ వారు గాలిని రెండు అంచెలుగా నొక్కి లోనికి పంపు సాధనముతో మెర్లిన్ 61 అను ఇంజనును సిద్ధపరచియుండిరి. కొంత పొడవు పెరిగిన ఆ ఇంజనును, కొద్ది మార్పులతో ఐదవ రకము శరీరములోనే పొందించి, 1942 జూలైలో తొమ్మిదవ రకముగా దళములకు ఇచ్చిరి. ఇదియు తొందరపనియే, కాని చక్కగా ఫలించినది. ఏలయనగా మెర్లిన్ చాల సంవత్సరములుగా వాడుకలోనున్నది; దాని గుణదోషములు తెలిసినవి. కావున తొందర యంతయు దోషమని చెప్పరాదు.

హాకర్ కంపెనీవారి టైఫూన్ కథ వేరు. 1941 సెప్టెంబరులో దళములలో చేరిన ఈ విమానమునకు నేపియర్ సేబర్ అను ఇంజను పెట్టిరి. దానికి 24 సిలిండర్లు, 2,000 గుర్రపు శక్తికి మించిన బలము. చేతితో ఒక్కొక్కటిగా శ్రద్ధతో కూర్చిన మొదటి ఇంజనులు పరీక్షలో నెగ్గినవి. ఫ్యాక్టరీలో వరుసగా తయారుచేయ నారంభించిన పిమ్మట, సిలిండర్లలో కదలు గొట్టములు వంకరపోయి, బిగిసికొని, ఇంజనులు గాలిలోనే ఆగిపోవుచుండెను. వర్తకులమైన మనకు ఈ సంగతి వివరింప నక్కరలేదు. మచ్చు చూచి బేరము కుదుర్చుకొనుట, మూట విప్పిన తరువాత సరుకు వేరుగా నుండుట మన మెరిగినదే. అయితే అంగడిలో అట్టి సరుకును వాపసు చేయవచ్చును. ఆకాశములో వాపసు లేదు.

లోపము ఇంజనుతో ఆగలేదు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పైలటు గదిలోనికి చేరుచుండుటచే, ఇంజను ఆరంభించినది మొదలు ఆక్సిజన్ ముసుగు ధరింపవలసివచ్చెను. కొన్ని విమానముల తోక గాలిలోనే విరిగెను. 1942 ఆగస్టులో హాకర్ వారి పరీక్షా పైలటు కెన్నెత్ సెత్-స్మిత్ ఆ విధముగా మరణించెను. పరీక్షా పైలటు తెలిసియే ఆ పనికి ఒప్పుకొన్నవాడు. దళములోని ఇరువదేండ్ల కుర్రవాడు అట్లు కాదు; తనకిచ్చినది పరీక్షించిన సరుకని నమ్మి ఎక్కినవాడు. వీరిరువురి త్యాగమును ఒకే ఖాతాలో వ్రాయుట సరికాదు.

దీనికి ఎదురు వాదము కలదు. ఆ రోజులలో జర్మను విమానములు సముద్రము నానుకొని క్రిందుగా వచ్చి, ఇంగ్లండు దక్షిణ తీరపు పట్టణములపై బాంబులు వేయుచుండెను. ఆ ఎత్తున వానిని వెన్నాడి పట్టుకొనుటకు టైఫూనే అక్కరకు వచ్చెను. లోపములన్నియు తీరువరకు ఆగియుండిన, ఆ ఆలస్యమునకు ఇండ్లలోని తల్లులు, బిడ్డలు మూల్యము చెల్లించియుందురు. ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. త్రాసు రెండు తట్టలలోను ప్రాణములే యున్నవి.

అయినను నా అభిప్రాయ మిది. అవసరము సాహసమును ఒప్పించగలదు గాని, ఏమరుపాటును ఒప్పించజాలదు. మనము ప్రమాదమను మాటను అనుకోని ఆపద యను అర్థమున వాడుచున్నాము. సంస్కృతమున దానికి ఏమరుపాటు అని అర్థము. ప్రాణహాని కలిగినపుడు కర్త ఏమరియుండెనా యని విచారింపుమని మన పెద్దలు చెప్పుటలో గల సూక్ష్మ మిదియే. మొదటి తోక విరుగుట ఆపద కావచ్చును. కారణము వెదకక మరియొకనిని ఎక్కించినచో అది ఏమరుపాటు.

ఆ బాధ్యతను గుర్తించినవారును ఉండిరి. టైఫూన్ తోక అతుకు చుట్టును లోహపు పలకలు బిగించిరి. సేబర్ గొట్టములను బ్రిస్టల్ కంపెనీవారి పద్ధతిని చేయించి సరిచేసిరి. అంతకు పూర్వమే, విమానము ముక్కు హఠాత్తుగా క్రిందికి వంచినపుడు పెట్రోలు సరఫరా చెడి మెర్లిన్ ఇంజను తడబడుచుండగా, బియాట్రిస్ షిల్లింగ్ అను మహిళా ఇంజనీరు నడుమ రంధ్రము గల చిన్న లోహపు బిళ్ళను కల్పించి, 1941లో విమాన స్థావరములకు స్వయముగా తిరిగి అమర్పించిరి.

పరీక్షకు పట్టవలసిన కాలమును కుదించుట అప్పు తెచ్చుటవంటిది. అప్పు చేయుట తప్పు కాదు. కాని నోటుపై సంతకము చేసినవాడు తీర్చవలెను. సంగతి ఎరుగని కుర్రవానిచే తీర్పించరాదు. మనము విమానములు చేయువారము కాము. అయినను క్రొత్త సరుకును మొదటిసారి అమ్మునపుడు, దీనిని వాడబోవువానికి నాకు తెలిసినదంతయు చెప్పితినా యని ప్రతివాడును తన్ను తాను అడిగికొనుట మంచిది.