యే యుద్ధం?

మావాడు అమెరికాలో పుట్టాడు. అప్పుడు నేనక్కడ చదువుకుంటున్నాను. వాడికి మూడేళ్లు నిండకముందే తిరిగి వచ్చేశాం. చదువంతా కోఠీ చుట్టుపక్కలనే సాగింది. అయినా 2024లో వాడికి పద్ధెనిమిది నిండేసరికి ఆ దేశపు చట్టం వెతుక్కుంటూ వచ్చింది. అమెరికా పౌరుడైన మగపిల్లవాడు యెక్కడ వున్నా సరే, పద్ధెనిమిదో పుట్టినరోజు తర్వాత 30 రోజుల్లోగా సైనిక జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. మానితే 5 యేళ్ల జైలు, 2,50,000 డాలర్ల జరిమానా దాకా విధించవచ్చు.

బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం అక్కడ 1973లోనే ఆగిపోయింది. నమోదు కూడా 1975లో ఆగి, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వచ్చిందనే కారణంతో 1980లో మళ్లీ మొదలయింది.

"సంతకం పెట్టు. పేరు రాసినంత మాత్రాన తుపాకి చేతికివ్వరు," అన్నాను. తండ్రి అనే మాటే అది. భయంలోంచి వచ్చే మాట.

వాడు ఫారమంతా చదివి, "నాన్నా, నేను చంపనని చెప్పుకోవడానికి యిందులో గడి యేది?" అన్నాడు.

లేదు. అంతరాత్మ ఒప్పుకోదని చెప్పుకునే అవకాశం సైన్యంనుంచి పిలుపు వచ్చిన తర్వాతే.

అసలు చిక్కు అదీ కాదు. సంప్రదాయరీతిలో దేవుణ్ణి నమ్మనివాడికీ అంతరాత్మ వుండవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 1965లో అంగీకరించింది. (చాలా సంతోషం!) కాని 1971లో జిలెట్ కేసులో గీత గీసింది. అన్ని యుద్ధాలనూ కాదనేవాడికే మినహాయింపు. వియత్నాం యుద్ధం అన్యాయం గనక దానికి మాత్రం వెళ్లను అనేవాడికి లేదు.

నేను అహింసావాదిని కాను. 1946–51 నాటి తెలంగాణా సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగినవాణ్ణి. సాగుచేసుకునే భూమికోసం రైతు బందూకు పట్టడమూ, పరాయి దేశపు పల్లెలమీద విమానంనుంచి బాంబులు వేయడమూ ఒకటేనని కొడుక్కి యెట్లా చెప్పను? రెంటికీ తేడా చూడడమే అంతరాత్మ చేసే పని అనుకుంటాను. ఆ చట్టం లెక్కన అలా తేడా చూసేవాడికి అంతరాత్మే లేదు!

ఆ సాయంత్రం వాణ్ణి బస్టాండు దగ్గరున్న 1857 స్మారకం వద్దకు తీసుకుపోయాను. చీదాఖాన్ హైదరాబాద్ కంటింజెంటులో జమేదారు. తిరుగుబాటు చేసినవారిమీదికి ఢిల్లీ వెళ్లనని నిరాకరించి, హైదరాబాదు వచ్చి పట్టుబడ్డాడు. ఆయన్ని రెసిడెన్సీకి అప్పగించారు. యిప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం వున్నది ఆ ఆవరణలోనే. విడిపించడానికే జూలై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీమీద దాడి చేశారు. చీదాఖాన్ జీతానికి కత్తి పట్టిన సిపాయి. యుద్ధాన్ని కాదనలేదు, ఆ యుద్ధాన్ని కాదన్నాడు.

వాడు కాసేపు వూరుకున్నాడు. "చేరిన తర్వాత కదా కాదన్నాడు. మొదట చేరడం తప్పు కాదా? నన్ను మాత్రం సంతకం పెట్టమంటున్నావే!"

జవాబు తోచలేదు. జీతంకోసం చేరినవాణ్ణి తప్పుపట్టడం, కడుపునిండినవాడికి తేలికేనని మాత్రం అన్నాను. అది వాడి ప్రశ్నకు సమాధానం కాదని నాకూ తెలుసు.

29వ రోజున వాడు కాగితం ఫారమే నింపాడు. దాని అంచున తెలుగులో, "యే యుద్ధమో చెప్పండి, అప్పుడు చెబుతాను," అని రాసి, అబిడ్సులో జిరాక్సు తీయించి పెట్టుకున్నాడు.

2025 డిసెంబరులో చేసిన చట్టం ఆ ఫారం అవసరాన్నే తొలగించే యేర్పాటు చేసింది. ప్రభుత్వమే తన రికార్డులనుంచి పేర్లు యెక్కించుకుంటుంది. ఆ వార్త నాకు చదివి వినిపించి, "యిప్పుడైతే నాకేం సలహా చెప్పేవాడివి?" అని మావాడు మళ్లీ మొదలుపెట్టాడు.